విద్య యెవ్వనియం దుండును?

వేదము నిత్యమనియు, దానికి కర్త లేడనియు సాధింపబూనిన మీమాంసకులకు ఒక చిక్కు తప్పలేదు: అది మానవకంఠముల మీదుగా గదా దిగివచ్చుచున్నది, మానవుడు మరచును, పొరబడును, ఒకానొకప్పుడు తన కల్పనను చొప్పించును. ఈ శంకకు కుమారిలభట్టు శ్లోకవార్తికమున నిచ్చిన సమాధానము మనము సాధారణముగా తలచుదానికంటె లోతైనదని నా నమ్మకము. ఏ యొక్కని ప్రతిభయందో వేదము భాసించెనన్నచో, అది వాని కల్పితమునకు భిన్నమని తెలియు మార్గము లేదు. కావున సంప్రదాయమునకు ఏకపురుషుడు చాలడు, పలువురు కావలెను, ఆ పలువురును నేటివారివలెనే పరతంత్రులై యుండవలెను. ఒకడు మార్పబోయినచో పెక్కుమంది వారింతురు. మహర్షిని సైతము సభకు లోబరచిన ఈ వాదములోని సాహసము సామాన్యమైనది కాదు.

ఆ వారణ మెట్టిదో ఆంధ్రదేశమున నేటికిని చూడవచ్చును. ఇచట ప్రచురమైన తైత్తిరీయశాఖను, అనగా సంహిత 44, బ్రాహ్మణము 28, ఆరణ్యకము 10, వెరసి 82 పన్నములను, బాలుడు గురుముఖమున సంత చెప్పుకొని, వల్లెవేసి, పదక్రమములు దాటి జటకును ఘనకును వచ్చును. ఘనయందు రెండు పదములను వరుసగాను తలక్రిందుగాను చెప్పి, పిదప మూడవదానిని చేర్చి మూడింటిని ముందుకును, వెనుకకును, మరల ముందుకును నడపుదురు. వరుస మారినపుడెల్ల సంధియు స్వరమును మారును గనుక, జారిన పదమునకు దాగ తావుండదు. దాగినను వేదసభలో తోడి పండితులు పట్టుకొందురు. అందు ఘనాపాఠికిని మినహాయింపు లేదు. సంభావన కొరకు చాచిన చేతులను పరిహసించుట నేర్చిన మనము ఆ చెవులను మెచ్చుట మరచితిమి.

అయితే ఈ కాపుదల శబ్దమునకే చెల్లినది. అర్థ మెరుగని యధ్యేతను బరువుమోయు మోడని నిరుక్తము ఏనాడో తెగడినది. మరియు స్త్రీలను, శూద్రులను వెలిబెట్టిన ఆ సభ, వారించువారి సంఖ్యను తానే కుదించుకొన్నది. కుమారిలుని తర్కమును బట్టి చూచినను ఇది ఆత్మహానియే. పతంజలి ఋగ్వేదమునకు 21, యజుర్వేదమునకు 101, సామమునకు 1000, అథర్వమునకు 9 శాఖలను చెప్పెను. నేడు వినవచ్చునవి పదికి అటునిటుగా మిగిలినవి. ఒక శాఖకు ఇద్దరే మిగిలి, ఒక స్వరమున వారు భేదించినచో, ఏది పాఠమో ఏది పొరపాటో నిర్ణయించు మూడవవాడు లేడు. పుస్తకము నిర్ణయించునందురు. కాని శంకర పాండురంగ పండితుడు 19వ శతాబ్దాంతమున అథర్వవేదమును అచ్చువేయించునపుడు, వ్రాతప్రతులతోబాటు వైదికుల పాఠమును గూడ విని, వారిని ప్రతులతో సమానముగా ప్రమాణముగా గైకొనెను.