చెయ్యి తీసే వేళ

ఘంటసాల మండలం శ్రీకాకుళం మా పెద్దమ్మగారి ఊరు. ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం అనుకునేరు, కృష్ణ ఒడ్డున ఆంధ్ర మహావిష్ణువు కొలువైన పల్లె ఇది. సంక్రాంతికి ముందు ఆవిడ ఇంటికి రంగులు వేయిస్తుంటే సాయానికి వెళ్లాను. సాయమంటే ఏముంది, మేస్త్రిగారు వద్దంటున్నా ఒక కుంచె అందుకున్నాను.

అంతకుముందు మూడు రోజులూ ఆయన రంగు డబ్బా మూతే తీయలేదు. చెమ్మకు గోడ అడుగున ఉప్పు పొంగి, పాత డిస్టెంపర్ పెచ్చులుగా లేచింది. డెల్టా ఊళ్లలో ఇది మామూలే. ఆ పెచ్చులు గోకి, గుంటలకు లప్పం పెట్టి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ కొట్టారు. తర్వాత వైరుకు వేలాడే బల్బొకటి తెచ్చి గోడకు ఆనీ ఆననట్టు పక్కన పట్టుకున్నారు. ఎదురుగా చూస్తే అద్దంలా ఉన్న గోడ మీద ఒక్కసారిగా ప్రతి గుంటా, ప్రతి మెరకా నీడలు పరిచాయి.

"లైటు ఎదురుగా పెడితే ఏ గోడైనా మంచిదేనండి. పక్కన పెడితేనే నిజం చెబుద్ది" అన్నారాయన. మళ్లీ లప్పం, మళ్లీ కాగితం.

నాలుగో రోజు రంగు. కుంచె వెంట్రుకల్లో మూడో వంతే ముంచాలి. డబ్బా అంచుకు తట్టి, పొడిగా ఉన్న చోట మొదలుపెట్టి, ముందు వేసిన తడి అంచులోకి లాగాలి. చివర్లో కుంచె కొసతో, బరువు వేయకుండా, ఒకే వైపుకు నిమిరి వదిలేయాలి. నేను వదల్లేదు. ఒకచోట చార కనిపిస్తే కాసేపటికి వెనక్కి వెళ్లి సర్దబోయాను. సగం ఆరిన రంగు కుంచెకు అంటుకుని లేచింది. ఒక్క చార కాస్తా పది చారలైంది.

"చెయ్యి తీసేసుంటే అదే సర్దుకునేదండి" అని నవ్వారు మేస్త్రిగారు.

నిజమే. తడిగా ఉన్నంతసేపూ రంగు తలతన్యత వల్ల తన మెరకలను తానే దించుకుంటుంది, పల్లాలను తానే నింపుకుంటుంది. ఆ కాసేపు ముట్టుకోకుండా ఉండటమే మన పని.

14వ శతాబ్దికి చెందిన విద్యారణ్య స్వామి ‘పంచదశి’లో ఆరో ప్రకరణం పేరు చిత్రదీపం. బొమ్మ వేసే గుడ్డకు నాలుగు అవస్థలుంటాయని అది మొదలవుతుంది: ఉతికి తెల్లబడటం, గంజితో బిగువు పొందటం, గీతలు పడటం, చివరికి రంగు నిండటం. శుద్ధ చైతన్యం మీద జగత్తు ఎలా తోస్తుందో చెప్పడానికి ఆయన తెచ్చిన పోలిక అది. సాధకుడు అందులోంచి ఇంకో మాట కూడా ఏరుకోవచ్చు: నాలుగింటిలో రంగుదే చివరి స్థానం. పెడన కలంకారీ పనివాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. గుడ్డకు కరక్కాయ పట్టించనిదే వాళ్ల అద్దకం నిలవదు.

మనకేమో మొదటి రోజే రంగు కావాలి. గట్టు తగాదాతో తోడబుట్టినవాడితో మాటలు మానేసి, తెల్లవారుజామునే లేచి సహస్రనామం చదువుతాం. చెమ్మగోడ మీద ఎంత ఖరీదైన రంగైనా ఎన్నాళ్లుంటుంది? గుడిలో మన మీద వెలుతురు ఎదురుగా పడుతుంది. ఇంట్లో, పొలంలో, పనిమనిషి ఆలస్యంగా వచ్చిన పూట, అది పక్కనుంచి పడుతుంది. గుంటలు వెతుక్కోవాల్సింది అక్కడే.

గోడ సిద్ధం చేసుకున్నవాళ్లదీ ఒక పొరపాటుంది. జపం మొదలుపెట్టి నెలైంది, మనసు కుదిరిందా? కోపం తగ్గిందా? ఇలా గడియకోసారి వెనక్కి వెళ్లి తడిమి చూసుకుంటారు. సగం ఆరిన రంగును కెలకడమే అది.

1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర దారిలో ఈ శ్రీకాకుళానికే వచ్చాడు. ఏకాదశి ఉపవాసం ఉండి స్వామిని సేవించుకున్నాడు. ఆ రాత్రి నాలుగో జామున కలలో ఆంధ్ర విష్ణువు కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ‘ఆముక్తమాల్యద’లో ఆయనే రాసుకున్నాడు. ఉపవాసం రాయల పని. కల ఆయన పని కాదు. కత్తి పట్టిన చెయ్యి, కలం పట్టిన చెయ్యి, రెండూ నిద్రలో ఊరుకున్నప్పుడు వచ్చిందది.

మర్నాడు పొద్దున పెద్దమ్మ గోడను అరచేత్తో నిమురుతూ నడిచింది. నేను కెలికిన చోట ఆవిడ చెయ్యి ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రిగారు మాత్రం గరుకు కాగితం మడిచి నా చేతికిచ్చారు.

"ఆరింది కదండీ. ఇప్పుడు రుద్దండి."