బోధకు ముందు

ఉద్యానమే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. పలాస మొదలు కవిటి వఱకు ఆ తీరమున కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే బ్రతుకుతెరువు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టము చేసినది. కూలిన చెట్టుకు మారుగా మొక్క నాటవచ్చును. కొబ్బరిచెట్టుపైనుండి జారిపడి మెడవద్ద వెన్నుపాము చితికినవాని సంగతి వేరు.

అట్టివానికి కాళ్లును చేతులును చచ్చుబడును. స్పర్శయే లేనివానికి బాధ యెక్కడిదని చూడవచ్చినవారు తలంతురు. అది పొరపాటు. దెబ్బతిన్న నరములే బాధను పుట్టించును. సూది గ్రుచ్చినను తెలియని కాలు రాత్రియెల్ల నిప్పులలో నుంచినట్లు మండవచ్చును. పడకపుండ్లు పడకుండుటకై రెండేసి గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పవలెను గనుక నిద్ర అతనికిని లేదు, ఇల్లాలికిని లేదు.

“పూర్వజన్మ కర్మ, ఓర్చుకోవాలి బాబూ” అని చెప్పి బంధువులు లేతురు. అది ఓదార్పా, లేచిపోవుటకు మార్గమా?

అంపశయ్యపై నున్న భీష్ముని ధర్మములు చెప్పుమని శ్రీకృష్ణుడు కోరినపుడు, దేహము మండుచున్నది, బుద్ధి నిలువదు, మాట పెగలదు అని ఆ పితామహుడే యొప్పుకొనెను. అంతటి యోగికి సైతము స్వామి ఓర్పును బోధింపలేదు. ముందు తాపమును, నొప్పిని తొలగించెను. పిమ్మటనే ధర్మములు చెప్పించెను. శాంతిపర్వమును పారాయణము చేయువారు ఈ వరుసను అంతగా పట్టించుకొనరు.

నరముల నొప్పికి మామూలు నొప్పిమాత్రలు చాలవు, వేరు మందులు కలవు. టెక్కలి ఆసుపత్రికి బండి మాట్లాడి పెట్టవచ్చును. అదియు కుదరనివారు ఒక్క రాత్రి ఆ యింట మేలుకొని అతనిని వేళకు త్రిప్పినచో, ఆ యిల్లాలు తెల్లవారువఱకు నిద్రించును.