సరమ ప్రశ్న: కుక్కపిల్ల కొనుగోలు – ఒక నైతిక విచారణ

ప్రస్తావన

ప్రాణమున్న జీవికి వెలకట్టి కొనడం ధర్మమా కాదా అన్న సందేహం పశువుల సంతలున్న సమాజాన్ని పెద్దగా బాధించలేదు. ఎద్దును సేద్యానికి, గేదెను పాడికి బేరమాడి కొనడం లోకవ్యవహారం. కుక్కపిల్ల సంగతి కొంత భిన్నమైనది. పల్లెల్లో అది చాలాకాలం సరుకు కాలేదు. తెలిసినవారి ఇంట కుక్క పిల్లలు పెడితే ఒకదానిని అడిగి తెచ్చుకోవడమే పరిపాటి. నేడు నగరాలలో ఇంటి వద్దనే రెండు జాతుల కుక్కలను జతకట్టించి, పుట్టిన పిల్లలను ‘క్రాస్’ అన్న పేరుతో అమ్మే చిన్న వ్యాపారం కనిపిస్తున్నది. దుకాణంలోని పంజరం కంటే ఇల్లు నయమని, వంశపత్రం ఉన్న పిల్ల కంటే ఇది చవక అని కొనేవారు సమాధానపడతారు.

ఈ కొనుగోలులో నైతిక బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్నది ప్రస్తుత వ్యాస విషయం. దోషం డబ్బు చేతులు మారడంలో లేదని, ఆ డబ్బు దేనికి చెల్లుతున్నదో విచారించకపోవడంలో ఉందని ఇక్కడి ప్రతిపాదన. ఆ విచారణకు ఆంధ్రమహాభారతంలోని సరమ వృత్తాంతం గీటురాయిగా నిలుస్తుంది.

సంకరం: ఒక మాట, రెండు వెలలు

‘జాతి’ అన్న మాట తెలుగులో వర్గీకరణకే పరిమితం కాదు. విలువను కూడా చెబుతుంది. ‘జాతిరత్నం’ అన్నప్పుడు, ‘జాతికుక్క’ అన్నప్పుడు ఆ మాట మేలిమిని సూచిస్తున్నది. దానికి ఎదురుగా నిలిచే ‘సంకరం’ చరిత్ర మరింత చిక్కైనది. భగవద్గీత ప్రథమాధ్యాయంలో అర్జునుడు భయపడిన వర్ణసంకరం పతనానికి గుర్తు. ఇరవయ్యో శతాబ్దపు వ్యవసాయ పరిభాషలో సంకర విత్తనం, సంకరజాతి ఆవు అధిక దిగుబడికి గుర్తులు. ఒకచోట నింద, మరొకచోట ప్రశంస. రెండింటిలోనూ తీర్పు పుట్టుక మీదనే. పుట్టిన జీవి అనుభవం మీద కాదు.

సంకరజాతి కుక్కపిల్లల వ్యాపారంలో ఈ రెండు అర్థాలూ వాడుకలో ఉన్నాయి. అమ్మకందారు రెండు జాతుల మేలు కలిసి వస్తుందంటాడు. బేరమాడే కొనుగోలుదారు ‘అచ్చమైన జాతి కాదు కదా’ అంటాడు. వాస్తవం ఈ రెండు మాటలకూ లొంగదు. శుద్ధజాతి అయినంత మాత్రాన ఆరోగ్యం రాదు. ముక్కు నొక్కుకుపోయిన పగ్ జాతి కుక్కలలో ఊపిరి ఇబ్బంది తరచుగా కనిపించేది, మనుషులు కోరి ఎంచిన ముఖాకృతి వల్లనే. సంకరమైనంత మాత్రానా ఆరోగ్యం రాదు. తుంటికీలు సరిగా అమరని లోపం లాబ్రడార్లలోనూ ఉంది, పూడిల్ జాతిలోనూ ఉంది. ఆ రెండింటినీ పరీక్ష లేకుండా కలిపితే లోపం దానంతట అది తొలగిపోదు.

పేరు వెలను ఎలా నిర్మిస్తుందో ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ఉదంతం చెబుతుంది. 1989లో అక్కడి అంధుల మార్గదర్శక శునకాల సంస్థలో పనిచేస్తున్న వాలీ కాన్రన్, లాబ్రడార్‌ను పూడిల్‌తో జతకట్టించారు. హవాయిలోని ఒక అంధురాలికి మార్గదర్శక శునకం కావాలి. ఆమె భర్తకు కుక్క వెంట్రుకలు పడవు. పుట్టిన మూడు పిల్లలలో ఒకటి ఆ ఇంటికి సరిపోయింది. మిగిలినవాటిని పెంచి శిక్షణ కోసం సిద్ధం చేయడానికి కుటుంబాలు ముందుకు రాలేదు. వారికి కావలసింది శుద్ధజాతి పిల్లలే. అప్పుడు కాన్రన్ వాటికి ‘లాబ్రడూడుల్’ అన్న కొత్త పేరు పెట్టి ప్రచారం చేశారు. పిల్లలు అవే. నిన్న ఎవరూ కోరనివాటి కోసం నేడు జనం ఎగబడ్డారు. తరువాతి కాలంలో ఆరోగ్య పరీక్షలు లేకుండా లాభం కోసం సాగిన సంకరాలను చూసి, తాను ప్రారంభించిన పనికి ఆయన బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. ఒక అంధురాలి అవసరం తీర్చడంలో తప్పు లేదు. అవసరం వెనక్కు పోయి పేరు సరుకైన చోట సమస్య మొదలైంది.

‘ఎలాగూ పుట్టింది కదా’

కొనుగోలును సమర్థించే వాదాలలో బలమైనది ఒకటుంది. పిల్ల అప్పటికే పుట్టింది. కొనకపోతే దాని గతి ఏమవుతుందో తెలియదు. కాబట్టి కొనడం దానికి మేలే. కరుణ నుంచి పుట్టిన ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. ఎదుట ఉన్న ఆ ఒక్క పిల్ల వరకు అది నిజం కూడా. కాని ఇచ్చిన వెల ఆ పిల్లతో ఆగదు. తల్లికుక్క చూలు సుమారు 63 రోజులు. ఈ ఈతలోని పిల్లలన్నీ వెంటనే అమ్ముడుపోతే మరో ఈతకు ప్రోత్సాహం దొరుకుతుంది. కొనుగోలుదారు చెల్లించేది పుట్టిన పిల్లకని అనుకుంటాడు. ఆచరణలో అది ఇంకా పుట్టని పిల్లలకు బయానా అవుతుంది. ఆ బయానా తీర్చవలసిన శరీరం తల్లిది.

ఇక్కడ రెండు సందర్భాలను వేరుచేయాలి. పెంపుడు కుక్క అనుకోకుండా పిల్లలు పెట్టిన ఇంటివారు, వాటి టీకాల ఖర్చు మాత్రం తీసుకొని తగిన ఇళ్లకు ఇవ్వడం ఒకటి. అదే కుక్కను ప్రతి ఎదకూ జతకట్టించి ఆదాయం పొందడం మరొకటి. చేతులు మారిన మొత్తం రెండు చోట్లా ఒక్కటే కావచ్చు; అది ప్రోత్సహించే క్రియ ఒక్కటి కాదు.

చట్టం ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో వచ్చిన నియమాలు, కుక్కలను ఈనించి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని చెప్పాయి. దీనికి శాస్త్రీయ సమర్థన ఉంది. తల్లి, తోడబుట్టిన పిల్లల మధ్య ఆటలోనే పిల్ల ఎంత గట్టిగా కరవకూడదో నేర్చుకుంటుంది. 1965లో స్కాట్, ఫుల్లర్ ప్రకటించిన పరిశోధన, పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు గల కాలం కుక్క సాంఘిక ప్రవర్తనకు కీలకమని చూపింది. అయితే నియమం వయస్సును కొలవగలదు. ఇంటి వెనుక గదిలో తల్లికుక్క ఎలా ఉందో చూడవలసినది కొనేవాడే.

సరమ అడిగినది

ఈ క్రయవిక్రయంలో అమ్మేవాడు, కొనేవాడు, పిల్ల కనిపిస్తారు. తల్లి కనిపించదు. నన్నయ ఆదిపర్వంలో, మహాయుద్ధ కథకు చాలా ముందే, ఒక తల్లికుక్క రాజసభకు వచ్చి మాట్లాడుతుంది. జనమేజయుడు యజ్ఞం చేస్తున్న చోటికి వచ్చిన సారమేయుణ్ణి రాజు తమ్ములు కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లితో చెప్పాడు. దేవశుని సరమ రాజు వద్దకు వచ్చి, తప్పు చేయని తన బిడ్డను కరుణ లేక కొట్టారని నిలదీసింది. యుక్తాయుక్తాలు ఆలోచించక సాధువులకు, పేదలకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా సర్పయాగ కథకు పూర్వరంగంగా, శాపకథగా చదువుతారు. నైతిక దృష్టితో చదివితే అందులో మూడు అంశాలు ముఖ్యమవుతాయి. మొదటిది, పిల్లకు జరిగిన అన్యాయాన్ని అడిగే అధికారం తల్లికి ఉందని కావ్యం అంగీకరించింది. రెండవది, కొట్టినది తమ్ములైనా సరమ వచ్చి అడిగినది జనమేజయుణ్ణి. తన చేతితో కొట్టకపోయినా, ఎవరి యజ్ఞం కోసం ఆ చోటు ఏర్పడిందో అతడే జవాబుదారీ. మూడవది, ఆమె నిందించినది క్రూరత్వాన్ని మాత్రమే కాదు. తగునా తగదా అని తలచకపోవడాన్ని కూడా.

రెండవ అంశం కొనుగోలుదారుకు నేరుగా వర్తిస్తుంది. తల్లికుక్కను అలసిపోయేదాకా ఈనించినది అతడు కాదు. అయినా ఎవరి కోరిక కోసం ఆ ఈత జరిగిందో ఆ వ్యక్తి జవాబుదారీ నుంచి తప్పుకోలేడు. అందువల్ల కొనేముందు ధరకంటే ముందుగా అడగవలసిన మాటలు ఉన్నాయి: తల్లి ఎక్కడ? వయస్సెంత? ఇది ఎన్నో ఈత? ఇకమీదట దాని గతి ఏమిటి? తల్లిని చూపించడానికి ఇష్టపడని చోట బేరం ఆగిపోవాలి. సరమ వచ్చి అడిగితే సమాధానం చెప్పగలిగిన కొనుగోలే సమర్థనీయం.

వెల, విలువ, పెంపకం

1785లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథంలో కాంట్ వెలకు, గౌరవానికి మధ్య భేదం చూపాడు. వెల ఉన్నదాని స్థానంలో సమానమైన మరొకదానిని పెట్టవచ్చు. గౌరవం ఉన్నదానికి ప్రత్యామ్నాయం లేదు. ఆయన ఆ గౌరవాన్ని వివేకం గల జీవులకే పరిమితం చేశాడు. క్రిస్టీన్ కోర్స్‌గార్డ్ 2018లో వెలువరించిన గ్రంథంలో కాంట్ మార్గంలోనే నడుస్తూ, జంతువులు కూడా తమంతట తాము లక్ష్యాలుగా గణింపదగినవని వాదించింది. వెల, విలువ అన్న తెలుగు జంటపదాలు ఈ చర్చకు అనువైనవి. కొన్న క్షణం వరకు కుక్కపిల్లకు వెల ఉంది. అది ఇంటికి వచ్చి ఒక పేరుకు పలకడం మొదలుపెట్టాక, అదే వెలకు మరో పిల్లను ఇస్తామంటే ఒప్పుకునే ఇల్లు అరుదు.

తెలుగు వాడుక ఈ మార్పును ఎప్పుడో గుర్తించింది. ‘కొనుక్కున్న కుక్క’ అనడం తక్కువ; ‘పెంపుడు కుక్క’ అనడమే ఎక్కువ. దత్తపుత్రుణ్ణి ‘పెంపుడు కొడుకు’ అన్న విశేషణమే ఇక్కడా వాడుతున్నాం. పెంపకం కొనుగోలుతో పూర్తయ్యే పని కాదు; పదీ పన్నెండేళ్ల మాట. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్కను అతడు కొనలేదు, దాని జాతి అడగలేదు. తనను నమ్మి వచ్చినదాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడు. బాధ్యతకు ఆధారం యాజమాన్యం కాదు, ఆశ్రయం. పెరిగాక అనుకున్న జాతి రూపం రాలేదని సంకరజాతి కుక్కను వీధిలో వదిలేసేవాడు అతిక్రమించేది ఈ ఆశ్రిత ధర్మాన్నే.

ముగింపు

వీధిలో పుట్టిన పిల్లను తెచ్చుకోవడమే ఉత్తమమన్న వాదానికి ఈ చర్చ అడ్డు రాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కలను సమాజపు జంతువులుగా పేర్కొన్నాయి. ‘ఊరకుక్క’ అన్న మాటలో ఆ భావం ముందే ఉంది. ఊరిదైన పిల్లను ఇంటిదిగా చేసుకోవడానికి ఎవరికీ సంజాయిషీ అవసరం లేదు. కొనుగోలుకు మాత్రం సంజాయిషీ అవసరం. ఆ భారం కొనేవాడిదే. ఇంటి వద్ద పెంచిన సంకరజాతి పిల్లను కొనడం స్వతహాగా అధర్మం కాదు; తల్లిని చూడకుండా, ఈత సంగతి అడగకుండా, పేరును చూసి కొనడం అధర్మం. నన్నయ భారతంలో సరమ చెప్పినది విన్న జనమేజయుడు కలతపడి, శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటూ తిరగవలసి వచ్చింది. జరిగిన తరువాత శాంతి వెతకడం కంటే, జరగకముందు తగునా తగదా అని తలచడమే సరమ మాటలోని హితవు.