మగ్గం లేకపోయినా మూరెడు నేత

సంక్రాంతి దాటగానే అహోబిలం నరసింహస్వామి తన కల్యాణానికి తానే పిలుపులు చేసుకోవడానికి పల్లకి ఎక్కి బయల్దేరతాడు. నలభై రోజులకు పైగా సాగే ఈ పారువేటలో ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ ఆయనకు చుట్టాల ఊళ్లే. ఇంతలో మాఘ బహుళ చతుర్దశి, అంటే శివరాత్రి, వచ్చేస్తుంది. శ్రీశైలం మల్లన్నకు పాగా చుట్టే రాత్రి అది. ఇద్దరూ మన నంద్యాల జిల్లా దేవుళ్లే. ఇలాంటి రోజుల్లో మన గుమ్మాలకు, పూజగది గోడలకు ఏం వేలాడుతున్నాయో ఒక్కసారి తలెత్తి చూడండి. ప్లాస్టిక్ మామిడాకులు, ప్లాస్టిక్ బంతిపూలు. అవి వాడవు, రాలవు, దుమ్ము పట్టి ఏడాది పొడవునా అక్కడే ఉంటాయి. వాడని తోరణం తెచ్చి కట్టామంటే, పండుగ పేరు చెప్పి మన చేతులు చేయవలసిన పని ఒకటి ఎగ్గొట్టామన్నమాట. ప్లాస్టిక్ కన్నా ఆ ఎగవేతే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

మనది పత్తి పండే నల్లరేగడి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. అక్కడ రూపుదిద్దుకున్న ఒక పత్తి రకం పేరు 'నరసింహ'. అలాంటి సీమలో పూజగది గోడకు నూలుతో ఒక వాల్ హ్యాంగింగ్ అల్లుకోవడానికి మగ్గం లేదని ఆగిపోనక్కర్లేదు. మూరెడు కర్రకు గట్టి నూలు దారాలు పడుగుగా, అంటే నిలువు పోగులుగా, దగ్గర దగ్గరగా కట్టి, కింది కొసలను మరో కర్రకు బిగిస్తే చాలు. అడ్డంగా అల్లే పేక దారాన్ని వేళ్లతోనో మొద్దు సూదితోనో ఒక పోగు పైనుంచి, పక్క పోగు కిందనుంచి తీసుకెళ్లాలి. తిరుగు వరసలో పైది కిందికి, కిందిది పైకి. ప్రతి వరసనూ దువ్వెనతో కిందికి నొక్కాలి. అయితే తొందరపడి పేకను బిగలాగితే అంచులు లోపలికి ముడుచుకుపోయి గుడ్డ నడుము సన్నబడుతుంది. దారాన్ని కొంచెం వంపుగా, వదులుగా పరిచి, ఆ తర్వాత నొక్కితేనే అంచు తిన్నగా నిలుస్తుంది. జపమాల తిప్పుతూ మనసు ఏ బజారుకు వెళ్లొచ్చిందో పక్కవాళ్లకు తెలియదు. ఇక్కడ దాపరికం కుదరదు. మనసు ఎక్కడ జారిందో అంచే చెబుతుంది. అందుకే దీన్ని కాలక్షేపం అనడానికి నాకు మనసొప్పదు, సాధన అనే అంటాను.

దేవుడికి నూలుతో చేసే సేవలో మగ్గం ఎప్పుడూ తప్పనిసరి కాలేదు. వస్త్రయుగ్మం అంటూ మనం సమర్పించేది చాలా ఇళ్లలో పత్తిని వేళ్లతో సాగదీసి, మధ్యమధ్య కుంకుమ తడితో నొక్కి చేసినదే. ఒత్తులు అరచేతుల్లో పేనినవే. లక్షవత్తుల నోము పట్టిన ఇల్లాలికి ఆ పేనడమే నోములో పెద్ద భాగం. శ్రీకాళహస్తి సాలెపురుగు తన ఒంటి దారంతో శివుడికి గుడి కట్టింది. దీపం దాన్ని కాల్చేస్తే ఆ దీపాన్నే మింగబోయింది. స్వామి మెచ్చింది ఆ అల్లిక అందాన్నేనా? అదంతా బూడిదయ్యాక కదా కరుణించాడు! ఇక శ్రీశైలం పాగా మగ్గం మీద నేసినదే, కాదనను. కానీ దాని నియమం చూడండి. చీరాల ప్రాంతపు నేత కుటుంబం రోజుకొక మూర చొప్పున ఏడాదంతా నేసిన 365 మూరల గుడ్డను, లింగోద్భవ వేళ దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, నేతన్న దిగంబరుడై ఆలయ శిఖరానికీ నందులకూ చుడతాడు. అంత పొడవు గుడ్డ కావాలంటే మిల్లులో ఒక్కరోజులో నేయించవచ్చు. అది గుడ్డే అవుతుంది, పాగా కాదు. రోజుకొక మూర అన్న దీక్షే దాన్ని పాగాను చేసింది.

భక్తికి మనసు చాలదా, చేతులెందుకని పెద్దలు కొందరు అడుగుతారు. మానస పూజను తక్కువ చేసే సాహసం నాకు లేదు. శివభక్తుడు పూసలార్ నాయనారు మనసులోనే గుడి కట్టాడు, రాజు కట్టించిన రాతిగుడిని పక్కనపెట్టి శివుడు ముందు అక్కడికే వెళ్లాడు. కానీ ఆయన ఎలా కట్టాడు? పునాది నుంచి శిఖరం దాకా, ముహూర్తంతో సహా, ఏదీ వదలకుండా ఏళ్ల తరబడి కట్టాడు. మానస పూజ మాట చెప్పి ప్లాస్టిక్ దండ కొనుక్కొచ్చే ఇంట్లో ఆ శ్రమ మనసులోనైనా జరుగుతోందా? తీరిక లేదన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఫోన్ చూస్తూ బొటనవేలు ఆడించే సేపులో నాలుగు వరసలు పడతాయి.

ఆలోచించవలసిన అభ్యంతరం మరొకటి ఉంది. ఎవరికి వారు అల్లుకుంటే నేతపని వాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టు కాదా అని. కాదనే నా నమ్మకం. ఈ అల్లిక చేనేత చీరకు పోటీ రాదు, ప్లాస్టిక్ దండకు వస్తుంది. అంతేకాదు, జానెడు గుడ్డ నిలబెట్టడానికి వారం రోజులు వేళ్లు నొప్పి పుట్టేలా కూర్చున్న మనిషి చేనేత చీర ధర వినగానే 'ఇంతా?' అని మొహం చిట్లించగలడా? ఇంట్లో ఆడపిల్లలకు అప్పగించి తప్పుకునే పని కూడా కాదిది. మల్లన్న పాగా నేసే చేతులు మగవాడివే.

పూజగదికి పాత బట్ట పనికిరాదనే మడివాళ్లకు ఒక్క మాట. కృష్ణుడి వేలికి ద్రౌపది కట్టింది తాను కట్టుకున్న చీర చెరగునే. శుభ్రంగా ఉతికిన పాత నూలు చీరను పీలికలుగా చింపితే పేకకు చక్కగా సరిపోతుంది, త్వరగా నిండుతుంది కూడా. పడుగుకు మాత్రం కొత్త, గట్టి నూలు దారమే వాడండి. సాగే ఊలు కడితే నాలుగు వరసలకే జారిపోయి మళ్లీ మొదటికొస్తుంది.