జీతం తగ్గితే అమానతు తగ్గుతుందా?

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ఓ యువకుడు జుమా నమాజు తర్వాత మమ్మల్ని కలిశాడు. అక్కడ రెండేళ్లు గోడౌన్‌లో, నాలుగేళ్లు ఓ ఆస్పత్రి లాండ్రీలో పనిచేశాడు. "మౌలానా సాబ్! ఒప్పుకున్న జీతం ఇవ్వరు. ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొడతారు. అలాంటప్పుడు మేమూ పని కొంత తగ్గించి చేస్తే తప్పేమిటి?" అని అడిగాడు.

కడప, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీల నుంచి వెళ్లిన ఎందరో సోదరుల మనసుల్లో మెదిలే ప్రశ్నే ఇది. "పని తగ్గించడమంటే?" అని మేమడిగాం. "వేడినీళ్ల ఉతుకు పూర్తికాకముందే మిషన్ ఆపేస్తాం. దుప్పటి తెల్లగానే ఉంటుంది. ఎవరికీ తెలియదు" అన్నాడు.

తెలుపు వేరు, శుభ్రత వేరు. రోగక్రిములు కంటికి కనిపించవు. బ్రిటన్ ఆస్పత్రుల నియమాల ప్రకారం పక్కబట్టలు 71 డిగ్రీల వేడిలో కనీసం 3 నిమిషాలు, లేదా 65 డిగ్రీల్లో కనీసం 10 నిమిషాలు ఉండాలి. మిషన్ ముందే ఆపితే మిగిలేది తెల్లటి మోసమే. ఆ దుప్పటి మీద పడుకునేది ఆపరేషన్ అయిన రోగి కావచ్చు, అప్పుడే పుట్టిన పసిబిడ్డ కావచ్చు. మీ జీతం కోసింది వాళ్లు కాదే! అన్యాయం ఒకరిది, శిక్ష మరొకరికా? గోడౌన్‌లో పాత మందుల్ని వెనక్కి నెట్టేసినా, ఫ్యాక్టరీలో బోల్టు వదులుగా బిగించినా జరిగేది ఇదే.

మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సూచించిన అమ్మాయి ఆయనలో రెండు గుణాలు చూసింది: బలం, నమ్మకస్తత్వం. అనుభవం వల్ల మొదటిది పెరుగుతుంది. రెండోది దానంతటదే రాదు. ఏళ్లు గడిచేకొద్దీ పనిలో నేర్పు వస్తుంది, పని ఎగ్గొట్టే నేర్పూ వస్తుంది. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఏళ్లే రాస్తారు. అమానతు లెక్క అల్లాహ్ వద్ద ఉంటుంది.

అలాగని యజమాని తప్పించుకోలేడు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసులో ఉంది. తూకంలో తాము నిండుగా తీసుకుని ఇతరులకు తగ్గించి ఇచ్చేవారిని దివ్య ఖుర్ఆన్ ఖండించింది. జీతం కోసే యజమానికీ, పని దొంగిలించే కార్మికునికీ ఇది వర్తిస్తుందని ఉలమాలు వివరించారు.

కనుక హక్కు అడగండి. లేబర్ ఆఫీసుకు, ఎంబసీకి ఫిర్యాదు చేయండి. వీలైతే ఆ పని వదిలి మరోటి వెతుక్కోండి. ఇవన్నీ ధర్మసమ్మతమే. పని ఒప్పుకుని, చాటుగా చెడగొట్టడం మాత్రం కాదు.

యువకుడు కాసేపు మౌనంగా ఉండి, "మరి ఇంతవరకు ఆపేసిన ఉతుకుల సంగతి?" అన్నాడు.

ఆ రోగులెవరో మనకు తెలియదు. వెళ్లి క్షమాపణ అడగలేం. అందుకే దాసుల హక్కుల విషయం అంత బరువైనది. మనస్ఫూర్తిగా తౌబా చేయాలి, వారి కోసం దుఆ చేయాలి, శక్తి మేరకు సదఖా ఇవ్వాలి. తిరిగి వెళ్లాక, చూసేవాళ్లు లేకపోయినా మిషన్‌ను పూర్తిగా తిరగనివ్వాలి. ఎవరూ చూడని చోట అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకే ఈమాన్.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదననూ, అందులో నిజాయితీనీ ప్రసాదించుగాక! ఆమీన్.