గార తీయించుకో నాన్నా

చిరంజీవికి,

బ్రష్ చేసినప్పుడల్లా నీ చిగుళ్ళ నుంచి నెత్తురు వస్తోందని, భయపడి ఆ చోట తోముకోవడమే మానేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. డాక్టరు క్లీనింగ్ చేయించుకోమన్నా, పళ్ళు వదులైపోతాయని ఆఫీసులో ఎవరో అన్నారని ఊరుకున్నావట. ఈ రెండూ నీకు చేటు చేసే పనులే. నీ మేలు కోరేదాన్ని కనుక చెబుతున్నాను, కాస్త విను.

చిగురు ఆరోగ్యంగా ఉంటే మెత్తటి బ్రష్ తగిలినంత మాత్రాన నెత్తురు రాదు. వస్తోందంటే పాచి పేరుకుని అక్కడ వాచిందని అర్థం. నొప్పి లేదు కదా అని తీసిపారెయ్యకు. చిగుళ్ళ జబ్బు బాగా ముదిరేదాకా చాలామందికి నొప్పే తెలియదు. నెత్తురు వచ్చే చోట బ్రష్ మానేస్తే పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త బృందం ఇదే విషయాన్ని పరీక్షించి చూసింది. చిగుళ్ళు బాగున్న 12 మందిని తోముకోవడం మానమన్నారు. రెండు మూడు వారాల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టగానే కొద్ది రోజుల్లో వాపు తగ్గిపోయింది. తొలి దశలో పట్టుకుంటే ఈ జబ్బు పూర్తిగా నయమవుతుందన్న ధైర్యం అందులోనే ఉంది.

అయితే పాచి మెత్తగా ఉన్నంతవరకే బ్రష్‌కు లొంగుతుంది. రోజుల తరబడి వదిలేస్తే ఉమ్మిలోని లవణాలు చేరి గట్టిపడి గార అవుతుంది. బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టిన తెల్లటి పొర పీచుతో ఎంత రుద్దినా పోదు చూడు, ఇదీ అంతే. కింది ముందు పళ్ళ వెనక వైపు నాలుకతో తడిమి చూసుకో, గరుగ్గా తగలవచ్చు. లాలాజలం ఊరే నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కనుక గార ఎక్కువగా పట్టేదీ అక్కడే. ఆ గరుకు మీద కొత్త పాచి ఇట్టే అంటుకుని చిగురు కిందికి దిగుతుంది. అక్కడ వాపు ముదిరితే పన్నును పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. అందుకే నీకింత తొందర పెడుతున్నాను.

ఇక క్లీనింగ్‌తో పళ్ళు వదులైపోతాయన్న మాట సంగతి. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పళ్ళ సందుల్లో నిండిపోయి, కదిలే పళ్ళను కలిపి పట్టుకుని ఉంటుంది. దాన్ని తీసేసరికి అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. వాపు తగ్గి చిగురు దగ్గరపడితే సందులు కనబడతాయి. జబ్బు చేసిన నష్టానికి క్లీనింగ్ మీద నింద పడుతుంది, అంతే.

డాక్టరు దగ్గర కుర్చీలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే నీకు బెంగ ఉండదు. గీతలున్న సన్నటి పరికరాన్ని పన్నుకూ చిగురుకూ మధ్య మెల్లగా దించి లోతు చూస్తారు. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే. నాలుగు, ఐదు అంటే అక్కడ కనిపెట్టి చూడాలి. తర్వాత నీళ్ళు చిమ్ముతూ జుయ్యిమని మోగే పరికరం కొన ఆనిస్తారు. అది సెకనుకు వేల సార్లు అదురుతుంది, ఆ అదురుకే గార పెళ్ళలుగా ఊడుతుంది. పన్నును అరగదీసే పని కాదది. లోతు ఎక్కువున్న చోట మత్తు ఇచ్చి పంటి వేళ్ళ దాకా శుభ్రం చేస్తారు. తర్వాత కొన్నాళ్ళు చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. నువ్వేవైనా మందులు వాడుతుంటే, ముఖ్యంగా రక్తం పలచబడేవైతే, ముందే చెప్పు.

మళ్ళీ ఎప్పుడు రావాలో నీ చిగుళ్ళను బట్టి డాక్టరే చెబుతారు. కొందరికి ఏడాదికోసారి చాలు, జబ్బు ముదిరినవాళ్ళు మూడు నాలుగు నెలలకే వెళ్ళాలి. ఖర్చుకు జంకితే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది. రోడ్డు పక్కన ఏదో మందు రాసి క్షణంలో తెల్లగా చేస్తామనేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకు. ఆ మందులోని ఆమ్లం పన్ను పై పొరనే తినేస్తుంది.

ఇంటి దగ్గర చెయ్యాల్సిందీ ఉంది. మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, పూటకు రెండు నిమిషాలు, రెండు పూటలా తోముకో. రాత్రి పూట మానకు. పళ్ళ సందుల్లోకి బ్రష్ పోదు కనుక అక్కడ ఫ్లాస్ దారమో, సన్న బ్రషో వాడు.

ఇంకో మాట. వెళ్ళేటప్పుడు మీ నాన్నగారినీ తీసుకెళ్ళు. ఆయనలా షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. నాకు నెత్తురే రాదు కదా అంటారాయన. ఆయనలా సిగరెట్ తాగేవాళ్ళకు లోపల జబ్బున్నా నెత్తురు తక్కువగా కనబడుతుంది, అదే మోసం. ఆయన ఒంటరిగా బయలుదేరరు, నువ్వు పక్కనుంటే కాదనరు. ఈ వారంలోనే ఇద్దరికీ టైము తీసుకుని, ఏ రోజో నాకు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ