గోడ మీది తారీఖులు

కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి దగ్గర్లో, ఒక పెంట్‌హౌస్ గదిలో ఇద్దరు బావాబామ్మర్దులు ఉండేవాళ్లు. దేవరకొండ దిక్కు వాళ్లు. అటువైపు పిల్లలకు ఈ ఏరియా కలిసొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు దగ్గర, ఇంటి దగ్గర బియ్యం మూట బస్సెక్కిస్తే సాగర్ రింగ్ రోడ్డులో దించుకోవచ్చు. అన్నం గదిలో వండుకోవడం, కూర కర్రీ పాయింట్‌లో తెచ్చుకోవడం.

2022 డిసెంబరు 29న 783 పోస్టులతో తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ పడింది. ఇద్దరూ అప్లై చేశారు. పరీక్ష తేదీ రాగానే బావ స్కెచ్ పెన్నుతో గోడ మీద రాశాడు: ఆగస్టు 29, 30. వాయిదా పడింది. కొట్టేసి నవంబరు 2, 3 అని రాశాడు. అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. మళ్లీ కొట్టేసి 2024 జనవరి 6, 7. అదీ పోయింది. ఆగస్టు 7, 8 అని రాసేసరికి గోడ చిత్తుపుస్తకంలా తయారైంది.

బామ్మర్ది గ్రూప్-4కు కూడా అప్లై చేసి 2023 జులై 1న రాసొచ్చాడు. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేవాడు. బావకు అది నచ్చలేదు. "రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతవ్‌రా" అన్నాడు. తను మాత్రం ఆరో రివిజన్‌కు కొత్త హైలైటర్ కొనుక్కున్నాడు.

ఓ రోజు అద్దె కోసం పైకొచ్చిన ఓనరమ్మ గోడ చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఏం బిడ్డా, దీనికి సున్నం ఎవలేస్తరు?"

"ఖాళీ చేసేటప్పుడు ఏపిస్తా ఆంటీ."

"అదెప్పుడు?"

బావ మాట్లాడలేదు. ఆమె కొట్టివేతలన్నీ వేలితో చూపిస్తూ, "ఇవన్నీ ఆళ్లు ఏసిన తారీఖులు. నీ తారీఖేది ఇండ్ల?" అని అద్దె లెక్కపెట్టుకొని దిగిపోయింది.

'ఈమెకేం తెలుసు గ్రూప్స్ సంగతి' అనుకున్నాడు బావ. ఆ వారమే ఊరి నుంచి మూట వచ్చింది. మూతికి అమ్మ పాత చీర అంచు చింపి కట్టి ఉంది. రాత్రి ఫోన్లో అమ్మ ఉద్యోగం ఊసెత్తలేదు. "ఇంకెన్ని మూటలు పంపాల్నో చెప్తే వడ్లు అమ్మకుంట ఆపుతం నాయినా" అంది.

జులైలో గ్రూప్-2 మళ్లీ వాయిదా పడింది, డిసెంబరు 15, 16కు. ఈసారి బావ ఆ తేదీ రాసి, కింద ఇంకో గీత గీసి తనదీ రాశాడు: డిసెంబరు 17 నుంచి ప్రైవేటు ఉద్యోగాలకు అప్లికేషన్లు. అప్పటిదాకా పొద్దటిపూట చంపాపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో రిసెప్షన్ పని. నవంబరులో గ్రూప్-4 తుది జాబితాలో బామ్మర్దికి జూనియర్ అసిస్టెంట్ పోస్టు వచ్చింది. డిసెంబరులో బావ నాలుగు పేపర్లూ రాశాడు. రాష్ట్రమంతటా అప్లై చేసినవాళ్లలో సగానికి పైగా పరీక్షకే రాలేదు. 2025 సెప్టెంబరులో గ్రూప్-2 తుది జాబితా వచ్చింది. అందులో బావ నంబరు లేదు. అప్పటికే అతను ఒక ఆసుపత్రి బిల్లింగ్ సెక్షన్‌లో చేరి తొమ్మిదో నెల.

నీతి: ఎవరో వేసే తారీఖు కోసం చదివేవాడు తన తారీఖు కూడా ఒకటి వేసుకోవాలి.

సర్కారు కొలువు ఆశ వదులుకొమ్మని ఈ కథ చెప్పదు, బామ్మర్దికి వచ్చింది సర్కారు కొలువే. పిల్లలది తప్పని అనడానికీ లేదు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో ఒకసారి, 2023 జూన్‌లో ఇంకోసారి రాశాక రెండుసార్లూ రద్దయింది. మొదటిసారి పేపరు లీకయి, రెండోసారి హైకోర్టు తీర్పుతో. అలాంటి చోట 'ఒక్కదానికే గురి' అంటే గురి చూసేవాడి చేయి నొప్పెడుతుందే తప్ప గురి కదలకుండా ఉండదు. పోయిన నెలలకు పరీక్షలు పెట్టే సర్వీస్ కమిషన్ అద్దె కట్టదు, బియ్యం పంపదు.

ఆ ఆసుపత్రి ఇంటర్వ్యూలో బావను అడిగిన మొదటి ప్రశ్న, డిగ్రీ అయ్యాక ఇన్నేళ్లూ ఏం చేశావని. "గ్రూప్స్‌కు ప్రిపేరైన సార్" అంటే ఎదుటాయన తలూపి కాగితం తిప్పాడు. ల్యాబ్ వాళ్లిచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ ముందు పెట్టాక, ఎప్పుడు జాయినవుతావని అడిగాడు.